కొత్త డ్రైన్ కట్టాక కూడా మగ్గం గుంటలోకి నీళ్లెందుకొస్తున్నాయి

ఒడిశాలోని మా బరంపురంలో మా పిన్నివాళ్ల వీధిలో వాన ఎంత పడిందో చెప్పడానికి మిల్లీమీటర్లు అక్కర్లేదు, మగ్గం గుంటలో నీళ్లు ఎంతవరకు వచ్చాయన్నదే లెక్క. పట్టు నేసేవాళ్ల ఇళ్లు చూడనివాళ్ల కోసం చెప్తున్నా, గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం. కింద కాళ్లతో తొక్కే కర్రలుంటాయి, పైన పడుగు, అంటే నిలువు దారాలు, సాగదీసి ఉంటుంది. ఇంట్లో అన్నిటికంటే పల్లం ఆ గుంటే కాబట్టి వీధి డ్రైన్ పొంగితే ముందు నీళ్లు దిగేది అక్కడికే, ఒక్కోసారి గడప దాటకుండానే నేలలోంచి ఊరి వచ్చేస్తాయి. చీర సగంలో ఉండగా అలా వస్తే పడుగు చెమ్మ పట్టేస్తుంది, కర్రలు ఉబ్బిపోతాయి, గుంట తోడి ఆరబెట్టేదాకా పని ఆగిపోతుంది, ఆగిన రోజులకి కూలి ఎవరూ ఇవ్వరు.

మూడేళ్ల కిందట ఆ వీధికి కొత్త ఆర్‌సీసీ డ్రైన్ వచ్చింది. పాతది అడుగున్నర వెడల్పు రాతి కాలువ, కొత్తది మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, పైన స్లాబులు. అందరం సంతోషపడ్డాం. ఆ ఆగస్టులోనే ఒక సాయంత్రం గంటన్నర వాన పడితే గుంటలో మోకాలిలోతు నీళ్లు. చిన్నాన్న ఫోన్ చేసి "ఒరే, నువ్వు సివిల్ చదివావు కదా, కాలువ పెద్దది చేస్తే నీళ్లు ఎక్కువొచ్చాయేట్రా, ఇదెక్కడి లెక్క" అన్నాడు. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత దాని వెనకాలే తిరిగి, కొలిచి, చదివి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇది మా ఒక్క వీధి గొడవ కాదు, పర్లాకిమిడిలో అడిగినా రాయగడలో అడిగినా ఇదే మాట వినిపిస్తుంది, డ్రైన్ కొత్తదే, నీళ్లు పాతచోటే.

తర్వాతి ఆదివారం తెలిసిన మేస్త్రిని తీసుకుని, లెవెల్ పైపు పట్టుకుని వెళ్లాను. లెవెల్ పైపంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు, రెండు చివర్లలో నీళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలబడతాయి కాబట్టి ఏది మెరకో ఏది పల్లమో తేలిపోతుంది, ఇల్లు కట్టే ప్రతిచోటా చూసే ఉంటారు. పిన్ని గడప దగ్గర మొదలెట్టి, స్లాబు లేచిన చోటల్లా డ్రైన్ అడుగు కొలుచుకుంటూ వీధి చివరిదాకా నడిచాం. మొదట్లో వాలు బాగానే ఉంది. వీధి చివర ఎత్తైన రోడ్డు కట్ట వస్తుంది, దాని కింద నుంచి నీళ్లు అవతలికి పోవాలి, అక్కడ మా మూడడుగుల డ్రైన్ వెళ్లి వెళ్లి ఎప్పుడో వేసిన అడుగున్నర సిమెంట్ తూములో కలిసింది. ఆ తూము అడుగు మా డ్రైన్ అడుగు కంటే నాలుగంగుళాలు ఎత్తులో ఉంది. మేస్త్రి ఒడియావాడు, నమ్మకం కుదరక గొట్టం రెండోసారి పట్టి చూసి "ఓలటా అఛి" అన్నాడు, తిరగబడి ఉందని.

చిన్నాన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికింది. పాత కాలువ ఇరుకు, గరుకు, కాబట్టి పై వీధుల నీళ్లు కొంత అక్కడే నిలబడి, కొంత ఖాళీ స్థలాల్లో ఆగి, మెల్లగా వచ్చేవి. కొత్తది నున్నటి కాంక్రీటు, పైనున్న నీళ్లన్నిటినీ చకచకా తెచ్చి తూము ముందు పెడుతోంది, తూము మింగలేకపోతోంది, మింగలేనివి వెనక్కి ఎగదన్ని పల్లంలో ఉన్న ఇళ్లలోకి పోతున్నాయి. లెక్క వేస్తే, మీటరుకి ఒక మిల్లీమీటరు వాలు ఉందనుకుంటే మూడడుగుల డ్రైన్ నిండుగా పారినప్పుడు సెకనుకి 750 లీటర్లు మోస్తుంది, అడుగున్నర తూము అదే వాలుకి 90 లీటర్లు. ముందు నీళ్లు పేరుకుని ఒత్తిడి పెరిగితే తూము ఇంకాస్త లాగుతుంది గానీ ఎనిమిది రెట్ల తేడా అలా పూడదు. అంటే మా వీధికి వచ్చిన డబ్బంతా నీళ్లని త్వరగా తీసుకురావడానికి ఖర్చయింది, బయటికి పంపడానికి కాదు. డ్రైన్ పని ఎప్పుడూ కింద నుంచి పైకి చేసుకురావాలి, ముందు నీళ్లు చివరికి కలిసేచోటు, తర్వాత రోడ్ల కింద తూములు, తర్వాత పెద్ద నాలా, ఆఖరికి ఇంటి ముందు డ్రైన్. మన ఊళ్లలో జరిగేది సరిగ్గా దీనికి రివర్స్, ఎందుకంటే ఇంటి ముందు డ్రైన్ జనానికి కనిపిస్తుంది, ఊరి బయట తూము ఎవరికీ కనిపించదు, వార్డు నిధులు వార్డు హద్దు దగ్గర ఆగిపోతాయి.

ఇప్పుడు అసలు నీళ్లెన్ని అన్న లెక్క. ఇంజనీర్లు దీన్ని రేషనల్ మెథడ్ అంటారు గానీ ఎవరైనా వేసుకోవచ్చు. వాన ఎంత జోరుగా పడుతోంది, ఎంత విస్తీర్ణం మీద పడుతోంది, అందులో ఎన్నో వంతు ఇంకకుండా పారుతోంది, ఈ మూడూ గుణిస్తే చాలు. ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల మీద గంటలో 50 మిల్లీమీటర్లు పడితే మొత్తం 5 లక్షల లీటర్లు. అది పొలమో తోటో అయితే అందులో మూడో వంతు కూడా పారకపోవచ్చు, మిగతాది నేల తాగుతుంది, గట్ల వెనకాల ఆగుతుంది. అదే రెండున్నర ఎకరాలు ఇళ్లు, డాబాలు, సిమెంట్ రోడ్లు, టైల్స్ వేసిన వాకిళ్లు అయితే నాలుగున్నర లక్షల లీటర్లు పారతాయి, సెకనుకి 125 లీటర్లు. వాన మారలేదు, నేల మారింది, డ్రైన్ మీద బరువు మూడు రెట్లయింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, ముందు ముందు కట్టే డ్రైన్లకి పడిన వానలో 95 శాతం పారుతుందనే లెక్క వేసుకోమంది, ఊరు ఎలాగూ కాంక్రీటుతో నిండిపోతుంది కాబట్టి ఇవాళ్టి ఖాళీ స్థలాలు చూసి మోసపోవద్దని. మా పక్క పదిహేను ఇరవై ఏళ్ల కిందటిదాకా వరి పండిన చోట ఇప్పుడు కాలనీలున్నాయి, ఆ కాలనీల నీళ్లు వచ్చేది మాత్రం పాత ఊరి కాలువల్లోకే.

ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు శుభ్రంగా ఉన్న డ్రైన్ ఇందాకటి వాలుకి సెకనుకి వెయ్యి లీటర్లు మోస్తుంది, అంటే ఎనిమిది హెక్టార్ల ఊరికి, ఆ 50 మిల్లీమీటర్ల వానకి సరిపోతుంది. ఇది శుభ్రంగా ఉంటేనే. సగం లోతు వరకు మట్టి పేరుకుంటే సగం నీళ్లన్నా పోతాయి కదా అనుకుంటాం, పోవు, 400 లీటర్లే పోతాయి, ఎందుకంటే నీటి లోతు తగ్గితే వేగం కూడా తగ్గుతుంది. అడుగున నున్నటి సిమెంట్ బదులు కవర్లు, రాళ్లు, ఇంటి పని మిగిలిన ఇటుక ముక్కలు ఉంటే ఆ 400 కూడా 250కి పడిపోతుంది. అందుకే పూడిక తీయడం చిన్న పని అనుకోకూడదు, శుభ్రం చేసిన ఒక డ్రైన్ పూడిన రెండు డ్రైన్లకంటే ఎక్కువ మోస్తుంది. వర్షాకాలానికి ముందు పూడికతీత ప్రతి ఏడాది మార్చి 31 లోపు అయిపోవాలని అదే మార్గదర్శకాల్లో ఉంది. మా దగ్గర నేను చూసినంతవరకు జూన్‌లో మొదటి వాన పడ్డాక పారలు దిగుతాయి, తీసిన మట్టి కాలువ పక్కనే కుప్ప పెడతారు, ఎత్తుకెళ్లే బండి వచ్చేలోపు రెండో వాన వచ్చి మళ్లీ దాన్ని లోపలికి తోసేస్తుంది. పైగా షాపుల ముందు స్లాబుల మీద మెట్లు, ర్యాంపులు కట్టేసి ఉంటాయి, పదడుగులకో చోట ఎత్తే స్లాబు ఉండాలి గానీ అది టైల్స్ కింద పోయింది, మనిషి దిగలేని డ్రైన్లో మట్టి ఎవరు తీస్తారు.

వాలు గురించి కూడా ఒక మాట. మా ఊరికి సముద్రం దగ్గరే, గోపాల్‌పూర్ పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో, నేల అటు వైపు మెల్లగా దిగుతుంది, వాలు ఎక్కడా ఎక్కువ దొరకదు, కాబట్టి ఉన్న కాస్త వాలునే జాగ్రత్తగా వాడుకోవాలి. వాలు నాలుగో వంతైతే మోసే నీళ్లు సగమైపోతాయి. అలాంటిది ప్రతి కాంట్రాక్టులో డ్రైన్ ముక్కలు ముక్కలుగా కడతారు, ఈ ఏడాది రెండు వందల అడుగులు, వచ్చే ఏడాది ఇంకో మూడు వందలు, ఒక్కో ముక్కకీ ఆ రోజు ఉన్న రోడ్డునే లెవెల్‌గా పట్టుకుంటారు. రోడ్డేమో మీద మీద వేస్తూ పెరుగుతూ ఉంటుంది, పాత పొర గీకి తీసి వేయాలి, తీయరు. పిన్ని పెళ్లై వచ్చినప్పుడు ఆ ఇంటికి మూడు మెట్లు ఎక్కాలట, ఇప్పుడు వీధిలోంచి ఒక మెట్టు దిగాలి. ఇల్లు కుంగలేదు, రోడ్డు పెరిగింది. ఇంకో చోట కొత్త డ్రైన్ గోడ రోడ్డు కంటే అడుగు ఎత్తులో కట్టారు, రోడ్డు మీది నీళ్లు అందులోకి దిగడానికి కన్నాలే పెట్టలేదు, డ్రైన్ సగం ఖాళీగా ఉండగా పక్కనే రోడ్డు మీద మోకాళ్లలోతు నీళ్లు నిలబడ్డం నా కళ్లారా చూశాను.

సరే, అన్నీ సరిగ్గా కడితే వరద ఎప్పటికీ రాదా అంటే, వస్తుంది, ఈ విషయం జనానికి ముందే సూటిగా చెప్పాలని నా అభిప్రాయం. ఏ డ్రైన్ అయినా ఫలానా వానకి అని లెక్క కట్టి కడతారు, రెండేళ్లకోసారి వచ్చే వానకి, ఐదేళ్లకోసారి వచ్చే వానకి అని. ఐదేళ్లకోసారి అంటే ఈ ఏడాది వస్తే మళ్లీ ఐదేళ్లు రాదని కాదు, ప్రతి ఏడాదీ ఐదింట ఒక వంతు అవకాశం ఉందని, వరసగా రెండేళ్లు రావచ్చు. ముంబై పాత డ్రైన్లు గంటకి 25 మిల్లీమీటర్ల వానకి కట్టినవి, వాటిని పరిశీలించి 1993లో వచ్చిన బ్రిమ్‌స్టోవాడ్ నివేదిక వాటిని గంటకి 50కి పెంచమంది, ఆ పనులు పూర్తికాకముందే 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు పడింది. అలాంటి వానకి సరిపోయే డ్రైన్ కట్టాలంటే వీధులే మిగలవు. కాబట్టి మామూలుగా వచ్చే వానలకి డ్రైన్, దాన్ని మించిన వాన వచ్చినప్పుడు నీళ్లు ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ముందే నిర్ణయించుకోవడం, రెండూ వేర్వేరు పనులు. రెండోది మన దగ్గర ఎవరూ చేయడం లేదు.

టీవీలో చెప్పే అంకె కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం అంటుంది, 204.4 దాటితే అత్యంత భారీ. చేలకి, నదులకి ఈ రోజు లెక్క పనికొస్తుంది, పది వీధుల డ్రైన్‌కి పనికిరాదు. వంద మిల్లీమీటర్లు రోజంతా ముసురుపట్టి పడితే మా వీధికి ఏమీ కాదు, అదే వంద రెండు గంటల్లో పడితే మునిగిపోతుంది. పై వీధి నుంచి కింది తూము దగ్గరకి నీళ్లు అరగంటలో చేరిపోతాయి కాబట్టి ఆ అరగంట జోరు ఎంతన్నదే ముఖ్యం. దానికి ఊళ్లోనే రెండు మూడు చోట్ల తనంతట తాను నమోదు చేసుకునే వానమాపకాలు ఉండాలి, పావుగంటకోసారి లెక్క రావాలి, అవి లేకుండా డ్రైన్ సైజు నిర్ణయించడం అంటే కొలత తీసుకోకుండా జాకెట్టు కుట్టినట్టే.

ఇక నీళ్లు చివరికి కలిసేచోటు. కటక్ చూడండి, ఒకపక్క మహానది, ఇంకోపక్క కాఠజోడి, మధ్యలో పళ్లెంలా ఊరు. నది పొంగినప్పుడు నది నీళ్లు ఊళ్లోకి రాకుండా షట్టర్లు దించుతారు, దించితే ఊరి వాన బయటికి పోదు, పంపులతో ఎత్తి నదిలో పోయాల్సిందే. అక్కడి పెద్ద నాలాలని జపాన్ సంస్థ జైకా అప్పుతో కాంక్రీట్ బాక్స్ డ్రైన్లుగా మార్చారు, అయినా పంపులు ఆగిన రోజు ఊరు మునుగుతుంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడిన ఆ రోజుల్లోనే కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ కాలువ నీళ్లు కలవాల్సిన నదే నిండుగా ఉంది. మా బరంపురానికి పెద్ద నది ఆనుకుని లేదు, ఋషికుల్య ఉత్తరాన, బాహుదా దక్షిణాన దూరంగా ఉన్నాయి. మాకు అడ్డం కట్టలు. రైలు కట్ట, హైవే కట్ట, ఊరి చుట్టూ పెరిగిన రోడ్ల కట్టలు, ఒక్కోదాని కింద ఎప్పుడో ఊరు చిన్నగా ఉన్నప్పుడు వేసిన తూములు. ఒక్కో కట్ట ఒక్కో శాఖది, మున్సిపాలిటీ నాలా వెడల్పు చేసి తీసుకెళ్లి ఇంకో శాఖ తూముకి అప్పజెప్తుంది, ఆ శాఖ తూము మార్చాలంటే దాని నిధులు దానివి, దాని అనుమతులు దానివి.

మరి నీళ్లని త్వరగా పంపలేకపోతే పైనే ఆపాలి. మా అమ్మమ్మ తరం వాళ్లు గెడ్డ, బంద, చెరువు అని విడివిడిగా పిలిచేవారు, గెడ్డంటే వానకి పారే వాగు, బందంటే చిన్న నీటిగుంట. ఇప్పుడు గెడ్డని అందరూ నాలా అంటున్నాం, బందలు చాలావరకు పూడ్చి ప్లాట్లు వేశారు. బంద విలువ ఎంతో అంకెల్లో చెప్తాను. ఒక ఎకరం బందలో పైన ఒక్క మీటరు ఖాళీ ఉంటే 40 లక్షల లీటర్లు పడతాయి. ఇందాకటి లెక్కలో హెక్టారుకి నాలుగున్నర లక్షలు, అంటే తొమ్మిది హెక్టార్ల కాలనీ గంటసేపు కురిపించిన నీళ్లన్నీ ఆ ఒక్క ఎకరం పట్టేస్తుంది. మీటరు డ్రైన్ చేసే పనికంటే కొంచెం ఎక్కువే, పైగా కింది వీధికి నీళ్లు పంపకుండా. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ని ముంచేశాక విశ్వేశ్వరయ్య గారు చెప్పిందీ ఇదే పద్ధతి, ఊళ్లో గోడలు పెంచుకుంటూ పోవడం ఒక్కటే కాకుండా ఊరికి పైన నీళ్లని ఆపే జలాశయాలు కట్టమని, అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి.

కానీ మా కోస్తాకి ఒక చిక్కుంది, ఇది చాలామంది మర్చిపోతారు. మాకు పెద్ద వానలు అక్టోబర్‌లో తుపానుతో వస్తాయి, అప్పటికి జూన్ నుంచి కురిసి చెరువులు, బందలు నిండి ఉంటాయి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, గాలికి ఊరంతా అల్లకల్లోలమైంది, రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ అల్పపీడనం వానలు పడి గంజాం జిల్లా నీళ్లలో మునిగింది. నేల తడిసి ఉంది, బందలు నిండి ఉన్నాయి, ఒక్క చుక్క దాచుకునే చోటు లేదు. కాబట్టి బంద ఉంటే సరిపోదు, దానికి మదుము, అంటే నీళ్లు బయటికి వదిలే తలుపు, పనిచేయాలి, తుపాను హెచ్చరిక రాగానే రెండు మూడు రోజుల ముందే మదుము ఎత్తి ఒక మీటరు నీళ్లు దించేయాలి. తుపాను ఎప్పుడు, ఎక్కడ దాటుతుందో ఇప్పుడు మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తోంది, జనాన్ని షెల్టర్లకి తరలించడంలో ఒడిశా దేశానికే దారి చూపించింది, అదే హెచ్చరికతో మదుములు కూడా ఎత్తించవచ్చు. ఎవరు ఎత్తాలి, తాళం ఎవరి దగ్గరుంటుంది, చేపలు పట్టుకునే కౌలుదారుకి నష్టం ఎవరిస్తారు, ఇవన్నీ మేలోనే కాగితం మీద తేలాలి. చేపల కౌలుదారుని విలన్ని చేయడం నాకిష్టం లేదు, అతని డబ్బు ఆ నీళ్లలోనే ఉంటుంది.

ఇంకోటి, మా పాత వీధుల్లో వాన నీళ్లకి వేరు, వాడిన నీళ్లకి వేరు అని లేదు, స్నానాలు, గిన్నెలు కడిగినవి, కొన్ని ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి పొర్లేవి అన్నీ ఒకే డ్రైన్. ఎండాకాలంలో కూడా అడుగున నీళ్లు పారుతూనే ఉంటాయి కాబట్టి ఆ బురద ఆరదు. మగ్గం గుంటలోకి వచ్చేవి ఈ నీళ్లే, పిన్ని వాటిని బకెట్‌తో తోడుతుంది, తర్వాత వారం రోజులు కాళ్లకి దురదలు.

పోయిన చలికాలం వీధివాళ్లం పదకొండు మంది సంతకాలు పెట్టి, మేం కొలిచిన లెవెల్స్ ఒక షీటు మీద గీసి సంబంధిత ఆఫీసులో ఇచ్చాం. సమాచార హక్కు చట్టం కింద మా డ్రైన్ లాంగ్ సెక్షన్ కూడా అడిగాం. లాంగ్ సెక్షన్ అంటే డ్రైన్‌ని పక్క నుంచి కోసినట్టు గీసిన బొమ్మ, మొదటి నుంచి చివరిదాకా అడుగు ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో అందులో ఉంటుంది, ఏ వీధిలో డ్రైన్ పని మొదలైనా అడగాల్సిన మొదటి కాగితం అదే. నలభై రోజులకి వచ్చింది. చిన్నాన్న మగ్గం గట్టు మీదే పరిచి చూశాం. పై నుంచి పిన్ని ఇంటిదాకా, అక్కడి నుంచి వీధి చివరిదాకా గీత చక్కగా కిందికి దిగింది, అంకెలన్నీ ఉన్నాయి. తూము దగ్గర గీత ఆగిపోయింది. తూము సైజు రాయలేదు, అవతల ఏముందో గీయలేదు.